బొట్టు పెట్టిన మీటరు

ఈ మధ్య తిరువూరులో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాను. రెండో బంతిలో చోటు దొరికింది. ఆకులో పప్పు పడి, నెయ్యి కోసం అందరూ చెయ్యి ఆపి కూర్చున్న సమయంలో మా పెదనాన్న కారు కథ ఎత్తుకున్నాడు. ఆయన మా నాన్నకు అన్న కాదు. మా అమ్మ చెల్లెలి బావగారు, అంటే మా పిన్ని భర్తకు స్వయానా అన్న. వరసకు పెదనాన్న. పెళ్ళిలోనైనా, పదకొండో రోజు భోజనాల్లోనైనా నలుగురు కూర్చున్నారంటే ఆ కథ రావలసిందే. "గేర్లే లేని కారండీ అది. దానికి గేర్ల జ్వరం చూసే మీటరట. మా మరదలు పైపు కోయించి మరీ పెట్టించింది. కోసిన చోట నూనంతా కారిపోయి ఏనుగులాంటి బండి మూలబడింది," అంటాడు. జ్వరం దగ్గర ఒకసారి నవ్వాలి, ఏనుగు దగ్గర ఇంకోసారి. ఎక్కడ నవ్వాలో మా వాళ్ళందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి నేనూ అక్కడే నవ్వాను. మా పిన్ని అదే వరసలో, కొన్ని ఆకుల అవతల కూర్చుని, తన ఆకులో ఆవకాయ ముక్కను పక్కకు జరుపుతూ ఉంది.

ఆ రోజు నాకు నవ్వు రాలేదు. "అది కాదు పెదనాన్నా జరిగింది," అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. వడ్డించే కుర్రాళ్ళు కూడా ఆగారు. "మరేంటో నువ్వు చెప్పరా," అన్నాడాయన, ఇంకా నవ్వుతూనే. "ఆ రోజు బండి తోలింది మీరు. పక్క సీట్లో నేనున్నాను. పైపు కారలేదు. మీరు ఆపమన్న చోట ఆపలేదు." ఆయన మీసం సవరించుకుని, "అప్పుడు లేవని నోరు ఇప్పుడు లేచిందేం?" అన్నాడు. "అప్పుడు లేవకపోవడం తప్పే. ఇప్పుడు లేచింది," అన్నాను. పెరుగు రాకముందే ఆయన చెయ్యి కడుక్కున్నాడు. ఆ సాయంత్రం నుంచి నాకు ఫోన్లు. పెద్దాయనను నలుగురిలో అలా అనొచ్చా అని కొందరు, పాత సంగతులు ఇప్పుడెందుకు అని కొందరు. నలుగురిలో చెప్పిన అబద్ధాన్ని నలుగురిలోనే సరిచేయాలి కదా అంటే మాత్రం ఫోను పెట్టేస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఎవరికి కోపం వచ్చినా సరే, ఇందులో ఒక్క వాక్యం కూడా కొట్టేయను.

కారు మా బాబాయిది. పెనుగొలనులో వాళ్ళకు మామిడి తోట ఉంది. బాబాయికి చిన్నప్పుడు ఎడ్లబండి మీద నుంచి పడి ఎడమ మోకాలు దెబ్బతింది. క్లచ్చి తొక్కితే ప్రాణం పోయేది. అందుకని ఎక్కడో వాడిన పెద్ద కారొకటి కొని తెచ్చాడు, ఆటోమేటిక్‌ది. జీపంత ఎత్తు, ముందు భాగం దున్నపోతు మొహంలా ఉండేది. క్లచ్చి లేదు, గేర్లు మార్చే పని లేదు. కర్రను ఒక అక్షరం దగ్గర పెట్టి కాలు నొక్కితే పోతుంది. ఊళ్ళో దానికి గేర్లు లేని కారు అని పేరు పడింది. లోపల గేర్లున్నాయని, అవి వాటంతట అవే మారతాయని, ఆ పని చేయడానికి ఎర్రటి నూనె ఒకటి లోపల తిరుగుతుందని బాబాయి అరుగు మీద కూర్చుని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. కంటికి కనపడని దాన్ని మా వాళ్ళు దేవుడి విషయంలో తప్ప నమ్మరు. పిన్నికి డ్రైవింగు నేర్పింది కూడా బాబాయే, తోట మధ్య బాటలో. మామిడి కొమ్మ ఒకటి అద్దాన్ని పగలగొట్టింది. మిగతాదంతా సాఫీగానే నేర్చుకుంది. బాబాయి హఠాత్తుగా పోయాక కారు పిన్నిది అయింది, తోట పిన్నిది అయింది. పిల్లల్లేరు. ఇంట్లో పిన్నికి తోడు అత్తగారే. ఆవిడను నేను మామ్మా అని పిలిచేవాణ్ణి.

తోటను గుత్తకు ఇచ్చేయమని పెదనాన్న అన్నాడు. పూత మీదే బేరం చేసుకుంటే గుత్తేదారు వచ్చి కోసుకుపోతాడు, ఆడవాళ్ళకు అదే సుఖం అని ఆయన లెక్క. పిన్ని ఒప్పుకోలేదు. కారుకు వెనక ఒక చిన్న ట్రాలీ తగిలించుకుని, కాయ కోయించి, ట్రేలలో సర్ది, తనే తోలుకుంటూ విస్సన్నపేట తీసుకెళ్ళి అమ్మడం మొదలుపెట్టింది. కాటన్ చీర, కాళ్ళకు కాన్వాసు బూట్లు, తల మీద బాబాయి టోపీ. కమిషన్ కొట్ల దగ్గర లారీవాళ్ళు మొదట్లో నవ్వారు. తర్వాత దారిచ్చారు. అందువల్ల ఆ కారు తాళంచెవి అంటే మా ఇంట్లో ఉత్త తాళంచెవి కాదు. అది ఎవరి చేతిలో ఉంటే తోట బేరం వాళ్ళ చేతిలో ఉంటుంది. పెదనాన్నకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు.

ఒక వేసవిలో, నిండు ట్రాలీతో విస్సన్నపేట దారిలోని ఎత్తు ఎక్కుతుంటే కారు జారింది. ఇంజను అరుస్తోంది, బండి మాత్రం కదలదు. లోపల ఏదో మాడిన వాసన. పిన్ని పక్కకు ఆపి, చెట్టు నీడన చాలాసేపు కూర్చుంది. చల్లారాక బండి మామూలుగానే కదిలింది. ఇంకొకరైతే గండం గడిచిందనుకుని మర్చిపోయేవారు. పిన్ని మర్చిపోలేదు. ఫోన్లో వీడియోలు చూసింది, విజయవాడలో అడిగింది. చివరికి తేల్చుకున్నదేమిటంటే, ఎత్తు మీద బరువు లాగితే ఆ గేర్ బాక్సు నూనె కాగిపోతుంది, కాగిన నూనెకు పట్టు పోతుంది. ఇంజను వేడి చూపించే ముల్లు కారులో ఉంది గాని గేర్ బాక్సు వేడి చూపించేది లేదు. "పాలు పొంగుతున్నాయో లేదో తెలియకుండా గిన్నె మీద మూత పెట్టి కూర్చున్నట్టుందిరా నా పని," అంది నాతో. వారం తిరక్కుండా మీటరు ఒకటి పార్శిల్లో తిరువూరు వచ్చింది. నా ఎరువుల కొట్టు చిరునామాకే తెప్పించింది. అరచేతిలో పట్టేంత గుండ్రటి పెట్టె, తెల్లటి ముఖం, నల్లటి అంకెలు, కుడి చివర ఎర్రటి గీత. దానితో పాటు ఇత్తడి సెన్సర్ ఒకటి, మూరల కొద్దీ తీగ.

బైపాసు రోడ్డు మీద షెడ్డు నడిపే మెకానిక్ భాయ్ దగ్గరకు వెళ్ళాం. భాయ్ మా ఊళ్ళో పేరున్నవాడు, ఆ పేరులో సగం అతను తనకు తాను ఇచ్చుకున్నది. మీటరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటివి చాలా బిగించానమ్మా," అన్నాడు. పిన్ని కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఎన్ని?" "ఇది కలిపితే ఒకటి," అన్నాడు భాయ్. ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కడి నుంచి వాళ్ళిద్దరికీ బాగా కుదిరింది. డయలు మీద రెండు వందల పైన అంకెలు చూసి నేను కంగారుపడ్డాను. నీళ్ళు వందకే కాగుతాయి కదా, ఇదేం లెక్క అన్నాను. "జ్వరం చూసే ఫారన్‌హీట్ లెక్కరా అది, పాతది. మనిషికి నూరు దాటితే మాత్ర వేస్తాం. దీనికి నూట ఎనభై మామూలు, రెండు వందల ఇరవై దాటితే మంచం ఎక్కినట్టు," అంది పిన్ని. "అయితే నేను డాక్టర్నన్నమాట," అన్నాడు భాయ్. "కాంపౌండరువి. ముందు జాకీ ఎత్తు," అంది.

కారును పైకి లేపి, భాయ్ కింద దూరాడు. గేర్ బాక్సు నుంచి ముందున్న రేడియేటరు వైపు రెండు సన్నటి పైపులు వెళ్తాయి. ఒకదానిలో నూనె చల్లబడటానికి పోతుంది, రెండోదానిలో చల్లబడి తిరిగి వస్తుంది. చేతికి అందుబాటులో ఉన్న పైపును కోసి, మధ్యలో మూడు దారుల ముక్క బిగించి, మూడో దారిలో సెన్సర్‌ను తెల్ల టేపు చుట్టి తిప్పాడు. దానిమ్మ రసంలా నూనె కాస్త కారి అతని మోచేతి దాకా వచ్చింది. తీగను ఇంజను పక్కనుంచి రబ్బరు కన్నంలో దూర్చి లోపలికి లాగడానికి చాలా కష్టపడ్డాం. నేను స్టీరింగు కింద తల కిందులుగా పడుకుని తీగ కొస కోసం తడుముతుంటే, అవతల నుంచి భాయ్ "వచ్చిందా అన్నా?" అంటాడు, నేను "రాలేదు" అంటాను. పిన్ని బయట నిలబడి, "అది వచ్చేలోపు కాయ పండిపోయేట్టుంది," అంది. మీటరును డ్యాష్‌బోర్డు మీద, బాబాయి పెట్టుకున్న చిన్న వినాయకుడి పక్కన కూర్చోబెట్టారు. తాళం తిప్పితే ముల్లు కదిలింది. హారన్ కొడితే ముల్లు ఎగిరింది. లైటు వేస్తే పడుకుంది. "పాటకు తగ్గట్టు ఆడుతోంది," అన్నాను. ఎర్తు తీగ రంగు వేసిన రేకు మీద బిగించాడట. రంగు గీకి మళ్ళీ బిగించాక ముల్లు బుద్ధిగా నిలబడింది.

ఆ మీటరు చూసి ఇంట్లో అందరూ సంతోషించారు. ఎంత బరువు లాగినా, ఎంత ఎండలో పోయినా ముల్లు చల్లటి వైపే ఉండేది. "చూశావా, కుండలో నీళ్ళలా ఉంది. అనవసరంగా భయపడ్డావు," అన్నాడు పెదనాన్న. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. మా పిన్ని మీటరు పిచ్చిది అంటారు మా వాళ్ళు. నిజానికి ఆ మీటరును మొదట అనుమానించింది ఆవిడే. ఒక రోజు ఎత్తు ఎక్కి దిగి రాగానే నేరుగా భాయ్ షెడ్డుకు పోనిచ్చింది. బానెట్ ఎత్తించి, సీసాలో నీళ్ళు చేతిలో పోసుకుని, అట్లపెనం మీద చిలకరించినట్టు రెండు పైపుల మీదా చిలకరించింది. మన సెన్సర్ ఉన్న పైపు మీద చుక్కలు ఊరికే జారాయి. రెండో పైపు మీద చుర్రుమన్నాయి. "చల్లారిన కాఫీలో వేలు పెట్టి పొయ్యి సంగతి చెప్తున్నాం భాయ్," అంది. భాయ్‌కి రోషం వచ్చింది. "చల్లగా చూపిస్తే బాధేంటమ్మా? అందరూ చల్లగా ఉండాలనేగా కోరుకుంటారు?" "నాకు చల్లటి మాటొద్దు, నిజం మాట కావాలి. రెండో పైపుకు మార్చు." భాయ్ గొణుక్కుంటూనే మార్చాడు.

మార్చిన మర్నాటి నుంచి ముల్లు కదలడం మొదలుపెట్టింది. చదునులో నూట ఎనభై, బరువుతో రెండు వందలు, ఎత్తు మీద ఇంకా పైకి. దాంతో మా ఇంట్లో కొత్త గొడవ. మీటరు మార్చాకే కారు వేడెక్కుతోందని పెదనాన్న తీర్మానం. ఒకరి తర్వాత ఒకరు చుట్టాలొచ్చి డ్యాష్‌బోర్డు చూసి పెదవి విరిచారు. మంచిగా నడుస్తున్న బండికి లేని రోగం అంటించిందని ఒకావిడ నాతోనే అంది. పిన్ని ఎవరితోనూ వాదించలేదు. ముల్లు రెండు వందల ఇరవై దగ్గరకు రాగానే, ఎత్తు మధ్యలోనైనా సరే, పక్కకు తీసి ఆపేది. గేరు కర్రను న్యూట్రల్ దగ్గర పెట్టి, ఇంజను తిరుగుతుండగానే కాసేపు ఉంచితే ముల్లు నెమ్మదిగా దిగేది. వెనక బస్సువాడు హారన్ మోగిస్తే చెయ్యి బయటపెట్టి ముందుకు పొమ్మని ఊపేది. ఆ చెయ్యి ఊపడంలో బెదురు లేదు, బతిమాలడమూ లేదు.

ఇక బొట్టు సంగతి. మా ఇళ్ళల్లో కొత్తగా ఏ యంత్రం వచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టందే స్విచ్చి వేయరు. బోరు మోటారు, ఫ్రిజ్జు, కుట్టుమిషను, చివరికి మా కొట్లో కంప్యూటరు, అన్నిటికీ నుదురు ఎక్కడుందో మా ఆడవాళ్ళు వెతికి పట్టుకున్నారు. రెండోసారి బిగించిన తర్వాతి శుక్రవారం మామ్మ పళ్ళెం పట్టుకుని కారు దగ్గరకు వచ్చింది. ఎనభై దగ్గర పడ్డ మనిషి, చూపు సరిగా ఆనదు. మీటరు అద్దాన్ని వేళ్ళతో తడిమి, మొహం దగ్గరగా పెట్టి చూసి, "ఇక్కడ ఎర్రగా గీత కనపడుతోంది. బొట్టుకు వాళ్ళే చోటు పెట్టి పంపినట్టున్నారే," అంది. తడి పసుపు దిట్టంగా అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది. రెండు వందల ఇరవై నుంచి ఎర్ర గీత చివరి దాకా మొత్తం బొట్టు కిందకు పోయింది. నేను నోరు తెరిచేలోపు పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. "బాగుంది అత్తయ్యా," అంది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆ బొట్టు మీదే కొత్త బొట్టు పడేది.

ఎవరి మాటా లెక్కచేయని మనిషి ఇంత పసుపును తుడవలేకపోవడమేమిటని నాకు చిరాకు వేసింది. మామ్మ లోపలికి పోయాక అడిగేశాను. పిన్ని స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. బాబాయి పోయిన పదో రోజున బంధువుల్లో పెద్ద ఆడవాళ్ళు కొందరు గాజుల కోసం, బొట్టు కోసం లోపలికి వచ్చారట. మామ్మ గదికి అడ్డంగా నిలబడి, "పోయింది నా కొడుకు. ఏడవాలంటే నాతో కూర్చుని ఏడవండి. నా కోడలి నుదుటి మీద చెయ్యి పెట్టినవాళ్ళు మళ్ళీ నా గడప తొక్కద్దు," అందట. అన్నదే కాదు, తన చేత్తో కుంకుమ తీసి పిన్నికి పెట్టిందట. కొడుకు పోయిన పదో రోజు. "ఆవిడ పెట్టిన బొట్టు నేను తుడవనురా. ఆ పని చేయడానికి వచ్చినవాళ్ళను ఆవిడ గుమ్మంలో ఆపింది. అయినా నాకేం నష్టం? ముల్లు బొట్టు అంచు తాకిందంటే ఆపేస్తాను. ఎర్ర గీత కంటే ఇదే నయం, ముందుగా ఆపుతుంది." ఆ లెక్కతో రెండు వేసవులు ఒక్క ఇబ్బంది లేకుండా తోలింది. ఇది కూడా మా వాళ్ళు చెప్పరు.

మూడో వేసవి కోతల్లో మామ్మకు కంటి ఆపరేషను పడింది. పిన్ని ఆవిడను తీసుకుని బస్సులో విజయవాడ వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఆకాశం నల్లబడింది. గాలివాన వస్తే కాయంతా నేల మీదే. పెదనాన్న తాళంచెవి తీసుకుని, కోసిన కాయంతా ట్రాలీలో ఎత్తించాడు. పిన్ని ఎప్పుడూ పట్టని చోట ఇంకో రెండు వరసల ట్రేలు ఎక్కాయి. సాయంగా నన్ను రమ్మన్నాడు. పిన్ని ఫోన్ చేసింది. నేను స్పీకర్లో పెట్టాను. "బావగారూ, ముల్లు బొట్టు అంచుకు వస్తే పక్కకు ఆపండి. కాసేపే. దానంతటదే దిగుతుంది." "అలాగేనమ్మా," అన్నాడాయన. తిరువూరు దాటేదాకా ముల్లు కుదురుగానే ఉంది. ఎత్తు మొదలయ్యాక పాకింది. అంచు తాకింది. నేను చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. ముల్లు కొస పసుపు కిందకు దూరింది. మళ్ళీ చెప్పాను. ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. "అమ్మ పెట్టిన బొట్టు చాటుకు వెళ్ళిందిరా. ఇంక దానికి దిగులేంటి, నీకు దిగులేంటి?" అని కాలు ఇంకాస్త నొక్కాడు. ముల్లు కనపడటం మానేసింది. కనపడకపోయేసరికి ఆయనకు ధైర్యం వచ్చింది, నాకు నోరు పడిపోయింది. ఎత్తు ఇంకా కొంచెం ఉందనగా ఇంజను గావుకేక పెట్టింది. బండి ఆగింది. తర్వాత వచ్చిన వాసన నాకిప్పటికీ మాడిన ఏ పోపులోనైనా వస్తుంది.

వాన కురవలేదు. మబ్బు పక్కకు పోయింది. భాయ్ వచ్చి కింద దూరి, నూనె వేలికి రాసుకుని చూపించాడు. దానిమ్మ రంగు పోయి తారులా ఉంది. పైపు కోసిన చోటును నేను నా చేత్తో తడిమాను. పొడిగా ఉంది, దుమ్ము తప్ప చుక్క లేదు. పెదనాన్న పక్కనే నిలబడి చూశాడు. అయినా ఆ సాయంత్రం అరుగు మీద ఆయన నోట పైపు కారిపోయింది. "నువ్వూ ఉన్నావుగా, చెప్పు," అని నా వైపు తిరిగారు అందరూ. నా కొట్లో ఎరువు తీసుకునేవాళ్ళలో సగం మంది ఆయన మాట మీద వచ్చేవాళ్ళే. "నేను సరిగా చూడలేదు," అన్నాను. ఇంతకంటే ఆ మాటను అలంకరించను. చెప్పేశాను, అంతే.

మర్నాడు పిన్ని వచ్చింది. నన్ను ఒక్కసారి చూసింది. జరిగింది ఆవిడకు చూపులోనే తెలిసిపోయింది. ముల్లు బొట్టు కిందకు పోయిందన్న మాట బయటకు వస్తే, కంటికి కట్టుతో మంచం మీద ఉన్న మామ్మ తన బొట్టు వల్లే కొడుకు కారు కాలిపోయిందనుకుంటుంది. పిన్నికి అది అక్కర్లేదు. కాబట్టి పైపు కారిందంటే కారిందని ఊరుకుంది. తాళంచెవి పెదనాన్న జేబులో ఉండిపోయింది. మరమ్మతు దండగని కారును పాత ఇనుము కింద ఇచ్చేశారు. తోట గుత్తకు పోయింది. పిన్ని తన తోటను తను చూసుకోవడానికి షేర్ ఆటోలో, ఎవరి ఒళ్ళోనో సంచి పెట్టి వెళ్ళి రావడం మొదలుపెట్టింది. కారును లాక్కెళ్ళేముందు భాయ్ చేత మీటరు, సెన్సర్ విప్పించి తెచ్చుకుంది. అది తప్ప ఏమీ అడగలేదు. మా వాళ్ళు అప్పుడే దాని మీద కథ అల్లి నవ్వడం నేర్చుకున్నారు.

మామ్మ నిరుడు పోయింది. చివరి దాకా తన కోడలు కారు తోలేదని చెప్పుకుని మురిసింది. ఈ ఏడాది తోట గుత్త గడువు తీరింది. నేను ఎవరో వాడి అమ్మిన ఆటోమేటిక్ కారొకటి కొన్నాను, వెనక ట్రాలీ కొక్కెం ఉన్నది. మోకాలు నొప్పని ఇంట్లో చెప్పాను. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. గృహప్రవేశం మర్నాడే దాన్ని పిన్ని ఇంటి ముందు ఆపి తాళంచెవి ఇచ్చాను. "క్షమించమని అడుగుతున్నావా, కారు ఇస్తున్నావా?" అంది. రెండూ అన్నాను. "కారు తీసుకుంటాను. రెండోది కాయ కోతలయ్యాక చూద్దాం," అంది. లోపలికి వెళ్ళి, బాబాయి చేతిరుమాలులో చుట్టిన మీటరు తెచ్చింది. పసుపు ఎండి అద్దానికి అతుక్కుపోయి ఉంది. ఇదంతా రాస్తానని చెప్పాను. "రాయి. మామ్మను మాత్రం తప్పు పట్టినట్టు రాయకు. బొట్టు ఏ బండినీ కాల్చదు," అంది.

భాయ్ గడ్డం తెల్లబడింది. మాట మాత్రం అలాగే ఉంది. "ఇలాంటివి చాలా బిగించానమ్మా," అన్నాడు. "ఎన్ని?" "ఇది కలిపితే రెండు." ఈసారి వేడి పైపు ఏదో ముందే నీళ్ళు చిలకరించి చూసుకున్నారు. ఎర్తు కోసం రంగు ముందే గీకారు. స్టీరింగు కింద తల కిందులుగా పడుకోవడానికి నాకు కాస్త ఆయాసం వచ్చింది, అంతే తేడా. అద్దం తుడవడానికి భాయ్ గుడ్డ మీద తిన్నర్ పోసుకున్నాడు. పిన్ని అతని చెయ్యి ఆపింది. "ఉండనీ. ఎక్కడ ఆగాలో నాకు తెలుసు."

మొన్న మొదటి కోత. ట్రాలీ నిండా ట్రేలు, స్టీరింగు దగ్గర పిన్ని, పక్క సీట్లో నేను. పెదనాన్న ఇంటి ముందు నుంచే వెళ్ళాం. వేరే దారి ఉన్నా ఆ దారినే పోనిచ్చింది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అదే ఎత్తు మీద, ముల్లు బొట్టు అంచు తాకగానే పిన్ని పక్కకు తీసి ఆపింది. షేర్ ఆటో ఒకటి పక్కన నెమ్మదించింది. "ఏమ్మా, బండి ఆగిపోయిందా?" అని తొంగిచూశాడు డ్రైవరు. "ఆగలేదు, ఆపాను," అంది పిన్ని. ఇంజను చిన్నగా తిరుగుతోంది. కిటికీలోంచి పచ్చికాయ జీడి వాసన వస్తోంది. ఇద్దరం ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాం. ఏదైనా కాగడానికి పట్టే కాలం కొంచెమే, చల్లారడానికి పట్టేది చాలా ఎక్కువ. ఆ ఎక్కువంతా ఎత్తు మధ్యలో, తలెత్తుకునే కూర్చోవచ్చని నేను ఇంత వయసొచ్చాక నేర్చుకున్నాను.